దేవుడి దగ్గర పెట్టిన తాళంచెవి

మా చిన్న తమ్ముడు పోయాడన్న ఫోను పొద్దున ఏడింటికి వచ్చింది. నేను అప్పుడే దీపం ముట్టించాను. కరోనా రెండోసారి ఊరిని కమ్ముకున్న రోజులవి. ఆస్పత్రిలో ముఖం కూడా చూడనివ్వలేదు. ఆరు నెలలైంది. సూరత్‌లో వాణ్ణి ఎరిగిన మనవాళ్ళు, "నీ చేతుల మీద పెరిగినోడు, నువ్వే నాలుగు మాటలు రాయి" అన్నారు. రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అదీ రాస్తాను.

అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. నాన్న మగ్గాల కార్ఖానాలో ఉండేవాడు. వంటా, వాడి చదువూ నా మీద పడ్డాయి. నేను పెళ్ళి చేసుకోలేదు. వాడు హజీరాలో ఒక కంపెనీలో ఫిట్టరయ్యాడు. సూరత్‌లోని పాండేసరలో వాడు, మరదలు, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వాడు నోరు తెరిచి ఏదీ అడిగేవాడు కాదు. నలభై దాటాక ఒక్క ముచ్చట పుట్టింది. మోటారు సైకిలు కొన్నాడు.

ఇంజను మీద ఏ మూతా లేని బండి అది. లోపలి ఇనుమంతా బయటికే కనిపించేది. దాన్ని నేకెడ్ బైకు అంటారట. ఆ పేరు పైకి అనడానికి నాకు సిగ్గేసింది.

"ఇదేందిరా, ఊరంతా చీరలు నేసే సూరత్‌ల ఉండి బట్టల్లేని బండి తెచ్చినవ్?" అన్నాను.

మరదలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంజనుకు గాలి తగలాలె అక్కా. మనిషికి గూడ" అన్నాడు వాడు.

ఆ మాట తరచూ అనేవాడు. ఆ ఒక్క బండే వాడికి అన్నింటికీ పనికొచ్చేది. వారమంతా హజీరా డ్యూటీకి. లారీల మధ్య సందు దొరికితే చాలు, చేపలా దూరేదట. ఆదివారం మరదల్ని ఎక్కించుకుని డుమస్ సముద్రపొడ్డుకు వెళ్ళి టమాటా భజియాలు తినేవాళ్ళు. నాకూ నాలుగు కాగితంలో చుట్టి తెచ్చేవారు. ఒకసారి దాని మీదే రెండు రోజులు నడుపుకుంటూ మన ఊరికి వెళ్ళొచ్చాడు. వెనక సీటు చిన్నది, ఎత్తు. నేను గుడికెళ్ళేటప్పుడు ఎక్కాలని వాడే దానికి చీర గార్డు, పట్టుకోవడానికి ఒక కడ్డీ పెట్టించాడు. దుకాణంలో కుర్రాళ్ళు, బండి అందం పాడైపోతుందన్నారట. "మా అక్క చీర చక్రంల పడితే మీ అందం ఏం జేసుకోను?" అన్నాడట.

ఆదివారం పొద్దున గొలుసు తుడిచేవాడు. ఇంటినిండా మిల్లు గుడ్డముక్కలున్నా నా పాత చీరే కావాలి. "పాలిస్టరు నూనె పీల్చదక్కా, జర నీ నూలు చీర ఇయ్యి" అని గుమ్మంలో నిలబడేవాడు. ఇంకా చిరగని చీర కూడా ఇచ్చాను ఒకసారి. వాడు గుర్తుపట్టి మడిచి వెనక్కిచ్చాడు.

ఇక ఆ సంగతి. కరోనా మళ్ళీ ముదురుతున్న ఆ రోజుల్లోనే మా గల్లీలో ఒకాయన హజీరా రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. ఆయనదీ మోటారు సైకిలే. నాకు మూడు రాత్రులు నిద్ర లేదు. శనివారం పూజ చేసుకుని, వాడి బండి తాళంచెవి తీసి వెంకన్న పటం ముందు పెట్టాను. నలభై ఒక్క రోజులు వాడు ఆ బండి ఎక్కబోడని మొక్కాను. వాణ్ణి అడగలేదు, మొక్కాకే చెప్పాను.

"అక్కా, కంపెనీ బస్సుల కిటికీలు మూసే ఉంటయి. సగం మంది దగ్గుతున్నరు. బండి మీదైతే నేనొక్కణ్ణే గద, గాలిల పోత" అన్నాడు.

"దేవుని కాడ పెట్టినంక తియ్యరాదురా."

"జర ఆలోచించు."

"గీ నలభై రోజులే గద. నా కోసం."

వాడు చెప్పులేసుకుని నవ్వాడు. "సరే తియ్యి. నీకు, వెంకన్నకు మధ్యల నేనెవన్ని?" అని బస్సుకు వెళ్ళాడు.

ఇరవయ్యో రోజున జ్వరం వచ్చింది. ముప్పై రెండో రోజున ఆ ఫోను. బస్సులోనే అంటుకుందని రుజువేమీ లేదు. అయినా పరామర్శకు వచ్చినవాళ్ళందరూ, "బండి ఉంచుకుని బస్సెందుకెక్కిండు?" అన్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. మరదలు నా వైపు చూడలేదు. తర్వాత నలభై ఒకటో రోజు వచ్చింది. పటం ముందు నుంచి తాళంచెవి తీశాను. మొక్కు చెల్లింది. ఆ రోడ్డు వాణ్ణి ఏమీ చేయలేదు.

మొన్న నెల మాసికం పెట్టాక ఇక ఉండబట్టలేదు. వంటింట్లో మరదలి పక్కన కూర్చున్నాను. "నేనే చంపుకున్ననే వాణ్ణి" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి, ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో ఫోను, కళ్ళద్దాలు, కంపెనీ కార్డు ఉన్నాయి. ఒక తాళంచెవి కూడా.

"బండికి రెండిస్తరు వదినె" అంది. "రోజు జేబుల ఏసుకునే పోయిండు. ఏందయ్యా, అక్క పూజల ఉన్నప్పుడు బండి తీస్కపోరాదా, ఆమెకేం ఎర్కైతది అని నేనే అడిగిన."

"ఏమన్నడు?"

"దేవునికి గాదు, అక్కకు మాటిచ్చిన అన్నడు."

కాసేపటికి ఆమె లేచి నా కంచంలో అన్నం పెట్టింది. ఆమె కళ్ళలో కోపం ఉందో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది. తిన్నాను.

వాణ్ణి క్షమాపణ అడగాలనే రోజూ దేవుడి ముందు కూర్చుంటాను. కళ్ళు మూసుకోగానే మా వీధి చివర బస్సు ఆగే చోటు కనిపిస్తుంది. పొద్దున్నే మనుషులు వరుసగా నిలబడి ఉంటారు. వాడు అందరికంటే వెనక, కుడిచేయి ప్యాంటు జేబులో పెట్టుకుని. బస్సు వచ్చి ఆగుతుంది. వాడొకసారి ఇంటివైపు చూస్తాడు. జేబులోంచి చేయి బయటికి తీస్తాడు, ఖాళీ చేయి. ముక్కు మీదికి మాస్కు లాక్కుని మెట్టెక్కుతాడు.