ఎర్రబడిన సాక్షి పోగు

మా ల్యాబ్ అక్క పోయిందని తిరువళ్ళూరు నుంచి కార్డు వచ్చి పది రోజులయింది. రెండే వాక్యాలు. చదవగానే ఏడుపు రాలేదు, భయం వేసింది. నా తప్పు తెలిసిన ఒక్క మనిషీ వెళ్ళిపోయింది. ఇక నేను చెబితేనే అది జరిగినట్టు. అందుకే రాస్తున్నాను.

డెబ్బైలలో యూనివర్సిటీ చదువు ముగించి తిరువళ్ళూరులోని చిన్న ల్యాబులో చేరాను. కుంకుమ, కాటుక, పౌడర్లలో కృత్రిమ రంగులు కలిశాయేమో చూడడం మా పని. మొదటిరోజు అక్క ఒక పొట్లం ఇచ్చి, "దీంట్లో సాయం ఉండాదేమో చూడమ్మా" అంది. ఎవరికి సాయం చేయాలో తెలియక నిలబడ్డాను.

"ఆ సాయం కాదు తల్లీ, అరవ సాయం! రంగు! ఇంత చదివినావు, ఇది జెప్పలేదా మీ అయ్యవార్లు?" అని పడీ పడీ నవ్వింది.

కుంకుమను ఆమ్లం కలిపిన నీళ్ళలో కాచి తెల్ల ఉన్నిపోగు వేస్తాం. కడిగినా ఎరుపు వదలకపోతే రంగు కలిసినట్టు. పక్కనే కుంకుమ వేయని నీళ్ళలో ఇంకో పోగు. అది తెల్లగానే ఉండాలి. అక్క దాన్ని 'సాక్షి' అనేది.

ఒకరోజు తిరుత్తణి కొండ కింద అమ్మే ముసలమ్మ కుంకుమ వచ్చింది. పోగు ఎర్రబడింది. రిపోర్టు రాసేశాను.

"సాక్షి యాడమ్మా?"

చూపించాను. అదీ ఎర్రగానే ఉంది.

అక్క నా వేళ్ళు చూసింది, తర్వాత నా నుదురు. భయం వేసినప్పుడల్లా బొట్టు అదుముకోవడం నాకు అలవాటు. నా బొట్టులోని కృత్రిమ రంగే వేళ్ళనుంచి పోగులకు ఎక్కింది. చేతులు కడుక్కుని మళ్ళీ చేస్తే ముసలమ్మ కుంకుమలో ఏ రంగూ లేదు. రిపోర్టు చించేశాం.

"పోయిన వారం పంపిన దాని సాక్షి జూసినావా?" అనడిగింది మెల్లగా.

చూడలేదు. తెల్లగానే ఉంటుందిలే అని పారేశాను. అదీ తిరుత్తణిలోని ఒక అంగడి కుంకుమే; రంగు కలిసిందని రిపోర్టు వెళ్ళిపోయింది.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. అంగడికి తాళం. "సర్కారోళ్ళొచ్చి పెట్టెలెత్తకపోయినారు. ఆయప్ప పెండ్లాంబిడ్డల్తో ఊరిడిసి పోయినాడు. యాడికో ఎవురికి తెలుసు?" అంది పక్కన పూలమ్మే ఆమె.

అక్క వంగి, అరుగుపలకల సందులో మిగిలిన కుంకుమను గోటితో గీకి కాగితంలో కట్టింది. చెయ్యి చాపాను.

"నువ్వు ముట్టుకోవద్దు. నేను జేస్తా."

చేసిందో లేదో నాకు తెలియదు. ఎన్నేళ్ళు పక్కపక్కన పనిచేసినా ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పకపోవడం నా మీద దయ అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు ఆ దయే భయపెడుతోంది, దాంట్లో ఏ రంగూ లేదని తేలిందేమోనని.

ఆ రోజు తిరుగు రైల్లో, గాలికి ఎగరకుండా, ఆమె పొట్లాన్ని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది. తిరువళ్ళూరులో దిగేసరికి చెమటకు కాగితం తడిసింది. ఆమె వేళ్ళ సందుల్లోంచి సన్నటి ఎర్రచార ఒకటి మణికట్టు వైపు జారుతోంది.