ఇంటి చుక్క

రుషికొండలోని మ్యాపుల ఆఫీసులో ఆయన నా మొదటి టీమ్ లీడ్. మేం రాసే ప్రతి కంప్యూటర్ స్క్రిప్టులోనూ పరీక్ష కోసం తాను పుట్టిన ఇంటి చోటుని ఒక చుక్కగా పెట్టుకున్నారు. స్క్రిప్టు తేడా చేస్తే మేం ఎర్రర్ మెసేజీలు చదువుతూ కూర్చునేవాళ్లం. ఆయన మాత్రం వెనకనుంచి వచ్చి, "ముందు మా ఇంటి సుక్క ఎక్కడ పడిందో సూడు బావా" అనేవారు. అక్షాంశం, రేఖాంశం తారుమారైన రోజున అది ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో తేలేది. సరిచేశాక స్టీల్‌ప్లాంటు ప్రహరీ లోపల, తుప్పల మధ్య పడేది. "ఇంటికొచ్చీసింది" అని వెళ్లిపోయేవారు.

నిజానికి అక్కడ ఇల్లు లేదు. ఆయన చిన్నతనంలోనే ప్లాంటు కోసం ఆ ఊరు ఖాళీ అయిపోయింది. ఆ చోటు బదులు మన ఊరి లైట్‌హౌస్ పెట్టుకుంటే అందరికీ తెలుస్తుంది కదా సర్ అని ఒకసారి అన్నాను.

"లైట్‌హౌసుని అందరూ సూత్తన్నారు. మా ఇల్లు ఈ స్క్రీన్ మీద తప్ప ఇంకెక్కడుంది బావా?"

ఆయన చనిపోయిన వారానికి ఒక స్క్రిప్టు మొరాయించింది. కొత్తగా చేరిన అమ్మాయి సరిచేసింది. చుక్క వచ్చి తుప్పల్లో పడింది.

"ఇక్కడేమీ లేదు సర్. ఈ పాయింట్ తీసేయనా?" అంది.

"ఉంచమ్మా. అక్కడ ఇల్లుంది" అన్నాను.