జానెడు నాయుడుగారు

యతిరాజులు నాయుడుగారికి ఈ లోకంలో ఏ వస్తువూ ఉన్నచోట ఉండటం నచ్చదు. ప్రతిదీ ఒక జానెడు పక్కకు జరగాలి. జరిపాక బాగుంటుందా అంటే ఆ పూచీ ఆయనది కాదు. మర్నాడు వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి చూసి, ఇంకో జానెడు చెబుతారు.

సౌకార్‌పేటలో ముప్పాతిక జీవితం బట్టల టోకు వ్యాపారం చేసి, కొట్టు కొడుక్కి అప్పగించి, చింతాద్రిపేటలో కూవం నది ఒడ్డునున్న పాత ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన విశ్రాంతి మొదలైనప్పటి నుంచి ఆ వీధికి విశ్రాంతి లేదు. ఆగిన ఆటోని జరపమంటారు, అంగడి బోర్డును జరపమంటారు. తన పెళ్ళిలో తాళి చేత్తో పట్టుకుని, మేళం హోరెత్తిపోతుంటే, పీట ఒక జానెడు తూర్పుకు జరపమన్నారని భార్య తాయారమ్మగారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"కరెంటు పోతే మా ఇంట్లో కదిలేదానికి లేదు సునయనా," అన్నారావిడ ఒకరోజు. "నిన్న ఉండిన బీరువా ఈ పొద్దు ఆడ ఉండదు. మోకాలికి తగిలినాకనే తెలిసేది, యాడుండాదో."

సునయన రాజమండ్రి పిల్ల. కూవం ఒడ్డున నడకదారి వేసి, బెంచీలు పెట్టి, మొక్కలు నాటే పథకానికి ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం. ఒడ్డున ఉండేవాళ్ళకు ప్లాను చూపించి, అభ్యంతరాలు రాసుకోవటం ఆమె పని. గోదావరి గాలి పీల్చి పెరిగిన పిల్లకి కూవం మురుగు వాసన అలవాటు కావడానికి నెల పట్టింది. నాయుడుగారు అలవాటు కావడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

మొదటి మీటింగు వార్డు హాల్లో జరిగింది. ఇంజనీరు కోదండరాంగారు ప్లాను గోడకు తగిలించారు. కొందరు దోమల సంగతి అడిగారు, కొందరు మురుగు సంగతి అడిగారు. ఇస్త్రీ బండి పొన్నమ్మ మాత్రం తన బండి సంగతి అడిగింది. ఒడ్డున గంగరావి చెట్టు కింద ఉంటుంది ఆ బండి. ప్లానులో నడకదారి సరిగ్గా దాని మీదుగా పోతోంది.

"దారికి అడ్డం వచ్చేవి తీసేయాల్సిందేనమ్మా," అన్నారు కోదండరాం. "ఊరి బయట వేరే చోటు చూపిస్తారు."

"ఊరి బయట నాకు గుడ్డలెవరిస్తారు సామీ? నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఈ వీధి చొక్కాలే గదా రుద్దతా ఉండాను."

కోదండరాం చెడ్డవాడు కాదు. కానీ ఆయనకు ప్లాను ప్లానే. పొన్నమ్మ కూర్చుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన సునయన ఆ అభ్యంతరం కాగితం మీద రాసుకుంది, అంతే. అప్పుడు లేచారు నాయుడుగారు. వచ్చి ప్లానుకు ముక్కు ఆనించి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చెయ్యి చాపి నడకదారి మీద పెట్టారు.

"ఈ దారి ఒక జానెడు నది పక్కకు జరపాల సామీ."

"ప్లాను మీద జానెడంటే దారి నదిలోకి పోతుంది నాయుడుగారూ! జనం నడవరు, ఈదుతారు."

"అట్లనా? సరి, వేలెడు జరపండి."

"ఎందుకండీ?"

"చూసేదానికి బాగుంటాది."

భోజనాల వేళ దాటిపోతోంది. వేలెడే కదా అని ఒప్పుకున్నారు. తరువాతి మీటింగులో బెంచీ వంతు వచ్చింది. జానెడు అడిగారు, వేలెడుకు దిగారు. ఆపై మరుగుదొడ్డి. మళ్ళీ జానెడు, మళ్ళీ వేలెడు. కారణం అడిగితే ఒకటే: చూసేదానికి బాగుంటాది. నాయుడుగారి పేరు వింటే చాలు, కోదండరాం బీపీ మాత్ర వేసుకునేవారు.

పోనీ మీటింగులతో సరిపెట్టుకున్నారా అంటే అదీ లేదు. పొద్దున్నే పొన్నమ్మ బండి దగ్గర తయారు.

"బండి ఒక జానెడు వెనక్కి జరుపు పొన్నమ్మా."

"ఏం నాయుడా, ఇంట్లో కాఫీ ఇయ్యలేదా? నా చేతిలో నిప్పులుండే పెట్టె ఉండాది, చూసి మాట్లాడు!"

తిడుతూనే జరిపేది. లేకపోతే ఆయన కదలరు. బండి అలా అలా వెనక్కి పోయి, గంగరావి మొదలుకు ఆనుకుంది. కొలతలు తీసుకోవడానికి వచ్చిన సునయన అది చూసి మండిపడింది. అసలే చోటు పోతోందని ఆవిడ ఏడుస్తుంటే, ఉన్నన్నాళ్ళైనా నిలవనివ్వడేమిటీ మనిషి అనుకుంది.

ఆఖరి మీటింగు వచ్చింది. ఆ రోజు సంతకం అయిపోతే ప్లానుకు ఇక తిరుగులేదు. "అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని అడిగి, కోదండరాం అలవాటుగా నాయుడుగారి వైపు తిరిగారు. హాలంతా అటే తిరిగింది.

"నాకేం లేదు సామీ. బాగుండాది," అన్నారు నాయుడుగారు.

"ఒంట్లో బాగలేదా నాయుడుగారూ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. తాయారమ్మగారు భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. కోదండరాంకే అనుమానం వచ్చి ప్లాను మళ్ళీ చూసుకున్నారు.

సునయన కూడా చూసింది. నడకదారి నది వైపు ఒదిగింది. బెంచీ ఎడంగా పోయింది. మరుగుదొడ్డి అవతలికి తప్పుకుంది. మధ్యలో, గంగరావి మొదట్లో, కాస్త ఖాళీ మిగిలింది. సరిగ్గా ఇస్త్రీ బండి పట్టేంత ఖాళీ. ఇటు ప్లానును జరుపుతూ, అటు బండిని జరుపుతూ, రెండూ ఒకదానికొకటి తగలకుండా చేశాడీ ముసలాయన! సునయనకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెళ్ళి పక్కన కూర్చుంది.

"పొన్నమ్మ కోసమే కదండీ ఇదంతా?"

"ఎవరు, నేనా? ఒక మడత పడాల్సిన చోట రెండు మడతలేస్తాది ఆమె. ఆమె కోసం నేనెందుకు చేస్తాను?"

"నిజం చెప్పండి."

నాయుడుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "పొన్నమ్మ కోసమని అడిగితే రూలు చెప్తారు తల్లీ. చూసేదానికి బాగుంటాదంటే ఏ రూలూ అడ్డం రాదు."

నవ్వుతూ మళ్ళీ ప్లాను వైపు చూసిన సునయన నవ్వు ఆగిపోయింది. ఆ ఖాళీ నట్టనడుమ ఒక చుక్క. నిన్న సాయంత్రం కరెంటువాళ్ళు ప్లానులో పెట్టిన దీపస్తంభం. ఆ చుక్క నాయుడుగారి చూపుకు ఆనలేదు. కోదండరాం పెన్ను మూత తీస్తున్నారు.

"సార్!" సునయన లేచి నిలబడింది. "ఆ దీపస్తంభం... ఒక జానెడు జరపాలి సార్."

కోదండరాం పెన్ను గాల్లో ఆగింది. "నువ్వు కూడానా! ఎందుకమ్మా?"

"చూడ్డానికి బాగుంటుంది సార్."

నాయుడుగారు కళ్ళజోడు ఎత్తి చుక్కను చూశారు. సంగతి అర్థమైంది. సునయన దుపట్టా కొస పట్టుకుని లాగారు.

"ఏం పిల్లవమ్మా నువ్వు! జానెడు కావాలంటే జానెడే అడగతారా? వేలెడిచ్చి పంపిస్తారు. మూరెడు అడుగు."

సునయన గొంతు సవరించుకుంది.

"సారీ సార్. మూరెడు."