బొమ్మ రాని షట్టర్ టీవీ

ముంబై కామాఠిపురాలో మాది ఒకే గది. నాయనమ్మ పోయాక తాత మాట్లాడటమే మానేశాడు. వాళ్లిద్దరూ ఇష్టంగా కొనుక్కున్న, తెర ముందు చెక్క తలుపులుండే పాత షట్టర్ టీవీని బాగుచేస్తే నోరు విప్పుతాడేమో అనిపించింది. ఫోన్‌లో వీడియోలు చూస్తూ, ఫోరస్ రోడ్డులో పాత సామాన్లు వెతుకుతూ దానితో నానా తంటాలు పడ్డాను.

ఓ ఆదివారం మా చాల్‌లో వరస గదులవాళ్లందరినీ పిలిచి స్విచ్ వేశాను. తెర వెలిగింది కానీ చుక్కలే తప్ప బొమ్మ లేదు.

పక్క గది నర్సన్న కాకా పగలబడి నవ్వాడు. "అరే పాగల్, అంటెనా సిగ్నల్ బందై ఏండ్లాయె. దినమంత ఫోన్ చూస్తవ్, గిది చూడలేదా?"

"ఇంకోసారి నవ్వినవంటే పండ్లు రాలుతయ్ కాకా," అంటూ మీదికెళ్లాను.

అప్పుడు వెనక నుంచి తాత గొంతు వినిపించింది. "అంటెనా తిరిగిపోయినట్టుంది బిడ్డా. ఛత్ మీదికి పోయి జర తిప్పు. మీ నాయనమ్మ నల్లకాడికెల్లి వచ్చేలోపల బొమ్మ రావాలె."

ఎవరూ నవ్వలేదు. నేను మేడెక్కాను. అక్కడ అంటెనా లేదు.

"వచ్చిందా తాతా?" అని పైనుంచి అరిచాను.

"రాలే. ఇంకొంచెం తిప్పు."

ఇప్పుడు తాత రోజూ మాట్లాడుతున్నాడు, ఆ ఒక్క మాటే. నేను రోజూ మేడెక్కుతున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. దీనికి ఎవరి మీద కోప్పడాలో మాత్రం తెలియడం లేదు.