నాయన కొళాయి దగ్గర ఎంచిన వీధి

మొన్న బెంగళూరు నుంచి మా మనవరాలు ఫోన్ చేసి, వారం రోజులుగా అద్దె ఇంటికోసం తిరుగుతున్నానని, ఎక్కడ ఉంటే బాగుంటుందో తేల్చుకోలేక తల బద్దలవుతోందని చెప్పుకొచ్చింది. ఒకచోట ఆఫీసు దూరమట, ఒకచోట గాలీ వెలుతురూ లేవట, అన్నీ కుదిరిన మూడోచోట ఇంటివాళ్లు మాంసం తింటారా అని అడిగి తలుపేసుకున్నారట. ఆ పిల్లకు నేనేం సలహా చెప్పానో సరిగా గుర్తులేదు గానీ, ఫోన్ పెట్టేశాక ఆ మధ్యాహ్నమంతా నాకు పాత కర్నూలు, ఆ ఊళ్లో నాకొక వీధిని వెతికిపెట్టిన మా నాయన కళ్ల ముందు మెదులుతూనే ఉన్నారు.

నా ఈడువాళ్లకు ఆనాటి కర్నూలు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కొత్త. మద్రాసు నుంచి ఆఫీసులు దిగాయి, గుడారాలు లేచాయి, సర్కారు జిల్లాల నుంచి గుమాస్తాలు పెట్టే బేడా, పెళ్లాంపిల్లలతో వచ్చి పడ్డారు. గొడ్లసావిడికి సున్నం కొట్టి ఇల్లని చెప్పినా అద్దెకు పోయే రోజులవి. సరిగ్గా అప్పుడే, కడపలో టీచరు ట్రైనింగు ముగించుకున్న నాకు కర్నూలు ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. కోడుమూరు దగ్గరి మా ఊళ్లో చదువుకుని ఉద్యోగానికి పోయిన మొదటి ఆడపిల్లను నేనేనని అప్పట్లో అనుకునేదాన్ని. అమ్మకు ఇష్టం లేదు, పెదనాయనకు అసలే లేదు. నాయన ఒక్కడే నా పక్షం. అయినా ఆయనకూ ఒక హద్దుంది. పది దినాల్లో మంచి తావు దొరక్కపోతే నిన్ను వెంటబెట్టుకుని ఊరికి పోతాను, ఉద్యోగం మాట మళ్లీ ఎత్తకూడదు అని బస్సెక్కేటప్పుడే చెప్పాడు. అమ్మకు మాట ఇచ్చి వచ్చాడన్నమాట.

మేము దిగింది మా దూరపు బంధువుల ఇంట్లో. ఆ వీధి నిండా మావాళ్లే, జొన్నచేలూ సెనగచేలూ ఊళ్లలో వదిలి పిల్లల చదువులకని పట్నం చేరినవాళ్లు. అక్కడే ఒక గది ఇప్పిస్తామన్నారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని నేను సంబరపడ్డాను. నాయన మాత్రం చూద్దాంలే అన్నాడు.

మరునాడు తెల్లవారగానే ఆయన పోయి ఆ వీధి కొళాయికి ఎదురుగా ఒక అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లొచ్చేది పొద్దున రెండు గంటలే. బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లు నిలబడేవాళ్లు. నాయన బీడీ ముట్టించుకుని ఆ రెండు గంటలూ చూసి, ఇంటికొచ్చి సద్ది తిని, ఈ వీధి వద్దులేమ్మా అన్నాడు. ఎందుకని అడిగితే, పాచిపనులు చేసుకునే ముసలామె ఒకతె వరుసలో ముందున్నా ఆమె బిందెను నలుగురు నాలుగుసార్లు వెనక్కి జరిపారని, ఆఖరికి కొళాయి ఆగిపోయి ఆమె ఖాళీ బిందెతో పోయిందని చెప్పాడు. నువ్వు ఒంటరిగా ఉండబోయేదానివి, బలం లేనివాళ్లను ఎట్లా చూస్తారో అదే నాకు కావాలన్నాడు. పొలం కొనేవాడు ఆ పొలంలో ఒక రోజంతా తిరగకుండా కొనడు గదా, ఆయన ఆలోచన అదే తీరుగా నడిచిందని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత కొత్తగా వచ్చిన ఆఫీసర్లుండే వీధికి పోయాడు. అక్కడ పనివాళ్లు యజమానుల పేర్లు చెప్పుకుని కొట్లాడుకున్నారట. ఇంకో రెండు వీధులూ అట్లాగే అయ్యాయి. ఎనిమిదో రోజు, కోట బురుజుకు అవతల, తుంగభద్ర వైపు పోయే ఒక సన్నటి వీధికి చేరాడు. దర్జీలు, గాజులమ్మేవాళ్లు, ఒక బైండింగు పనివాడు, చర్చికి పోయే రెండు కుటుంబాలు, సగం ఉర్దూ సగం తెలుగు. ఆ వీధిలో కళ్లు లేని ఒక ముసలామె ఉండేది. కొళాయి రాగానే ఎవరూ చెప్పకుండానే ఆమె బిందె ముందు నిండింది, ఎవరో ఒక పిల్ల దాన్ని ఇంట్లో పెట్టి వచ్చింది. మరునాడూ అంతే. నాయన రెండో రోజు పరుగులాంటి నడకతో వచ్చి నన్ను తీసుకుపోయాడు.

ఆ వీధిలో ఒక బీబీ ఇంట్లో గది ఖాళీగా ఉంది. నేను తర్వాత నానీ అని పిలుచుకున్నది ఆమెనే. మేము వసారాలో కూర్చుని నోరు తెరవకముందే ఆమె నాయనను పట్టుకుంది.

“ఏమప్పా, రెండు దినాలుగా చూస్తాండా, మా ఆడోళ్లు నీళ్లు పట్టేకాడ కూచోని ఏం చూస్తాండావు నువ్వు?”

నాయన సిగ్గుపడి, ఉన్నదున్నట్టు అంతా చెప్పాడు. ఆమె నవ్వి, ఇంట్లో రెండు గదులున్నాయని, ఒకదాంట్లో పెద్దాసుపత్రి నర్సు ఉంటోందని, వసారా, వంట, కుండ నీళ్లు అన్నీ ఇద్దరికీ కలిపేనని, అందుకని ఆ నర్సమ్మ సరేనంటేనే మాకు ఇస్తానని చెప్పి లోపలికి కేకేసింది.

ముప్పై, ముప్పై రెండేళ్ల మనిషి బయటికి వచ్చింది. తెల్లచీర, గట్టిగా ముడేసిన జుట్టు. నాయనను చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. నాయనా ఆమెను పోల్చుకున్నాడు. ఆమె మా ఊరి మనిషే. ఊరికి పడమర, చిన్న చర్చి ఉన్న పేటలో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని వెళ్లిపోయిన అమ్మాయి. మా ఊరి మంచినీళ్ల బావిని ఆ పేటవాళ్లు ముట్టకూడదు. కడవలు దించుకుని దూరంగా నిలబడితే, మావాళ్లలో ఎవరికైనా తీరిక చిక్కినప్పుడు తోడి పోసేవాళ్లు. చిన్నప్పుడు నేనూ రోజూ చూశాను, అందులో చూడాల్సిందేదో ఉందని నాకు ఎన్నడూ తోచలేదు.

నానీ ఆమెకు కొళాయి సంగతి చెప్పింది. ఆమె అంతా విని, నాయన వైపు తిరిగింది. ఊళ్లో అయితే ఆమె నాయనను సామీ అనాలి.

“మంచి పనే చేసినావప్పా,” అంది. “అట్లనే మన ఊరి బావికాడ ఒక దినం ఎవరన్నా కూచోని చూసింటే, మన ఊర్లో ఉంటామనేవాళ్లా? మా యమ్మ నెత్తిన ఎండ పడేదాకా నిలబడుకున్నెది నీకు తెలుసు గదా?”

నాయన కోపధారి. ఊళ్లో ఆయన ముందు గొంతెత్తినవాళ్లు లేరు. లేచి నా చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తాడని, దానితో నా ఉద్యోగం ముగిసిందని అనుకున్నాను. ఆయన తలపాగా తీసి తొడ మీద పెట్టుకున్నాడు.

“తెలుసునమ్మా,” అన్నాడు. “నేనూ ఆడ ఉండినోణ్ణే. చూసినా, కానీ చూల్లేదు. తప్పు మాదే. నా బిడ్డను ఈడ ఉండనిస్తావా, లేదా, నీ ఇష్టం. వద్దంటే నిన్నేమీ అనుకోను.”

ఆమె లోపలికి పోయింది. అయిపోయిందనుకున్నాను. రెండు చెంబుల నీళ్లతో తిరిగి వచ్చి, ఒకటి నాకిచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టింది. నాయన ఎత్తుకుని గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఆ సాయంత్రమే నా ట్రంకుపెట్టె ఆ ఇంటికి చేరింది.

బంధువులు అలిగారు. పెదనాయన మా గడప తొక్కడం మానేశాడు, ఆయన తెచ్చిన నా పెళ్లి సంబంధమూ తప్పిపోయింది. నాయన ఊరికి పోయి పెద్దల ముందు ఆ బావి మాట ఎత్తితే కొట్టడం ఒక్కటే తక్కువైందట. ఊరి బావిని ఆయన తెరిపించలేకపోయాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ పేటకు దగ్గర్లోనే మా చేని బావి ఉంది, అది ఆయన సొంతం. వాళ్ల చేతులతో వాళ్లే తోడుకోమని చెప్పి గిలక వేయించాడు. మూడు నెలలకు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఈ సంగతి అక్కకు చెప్పాడు. అప్పటికే నేను ఆ నర్సమ్మను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. బావి సంగతి విని ఆమె మెచ్చుకోలేదు.

“చేద ఎవరిది?” అని అడిగింది.

“మాదే. అందరిదీ ఒకటే చేద,” అన్నాడు నాయన.

ఆమె ఆయన ముందు నవ్వడం అదే మొదటిసారి.

మూడేళ్లున్నాం ఆ ఇంట్లో ఇద్దరమూ. రంజాన్‌కు నానీ సేమ్యా, క్రిస్మస్‌కు అక్క చేసే కజ్జికాయలు, ఉగాదికి నా బొబ్బట్లు, ఒకటే పొయ్యి. నేను జ్వరపడితే వీధి వీధంతా వసారాలో ఉండేది, విసుగొచ్చేంతగా. రాజధాని హైదరాబాదుకు పోయాక ఊరు సగం ఖాళీ అయి, మావాళ్ల వీధిలో మంచి మంచి ఇళ్లు చవగ్గా దొరికాయి, రమ్మని కబురూ పెట్టారు. నేను పోలేదు. అక్కకు కడప ఆసుపత్రికి బదిలీ అయిన రోజు వీధి జనమంతా బస్టాండుకు వచ్చారు. కళ్లులేని ఆ ముసలామె కూడా ఎవరిదో భుజం పట్టుకుని వచ్చింది.

ఇప్పుడూ నేనుండేది కర్నూల్లోనే, కొత్త కాలనీలో. ఇంటింటికీ నీళ్లొస్తాయి, అది మంచిదే, ఎండలో వరుస కట్టినవాళ్లెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోరు. ఈ కాలనీలో ముప్పై ఏళ్లుగా ఎవరితోనూ మాట పట్టింపు లేకుండా, ఎవరి గేటు వాళ్లు వేసుకుని, మర్యాదగా బతుకుతున్నాం. ఈ ముప్పై ఏళ్లలో ఎవరూ నన్ను నిలబెట్టి ఒక మాట అడిగింది లేదు, నేను అడిగిందీ లేదు. నాయనకు ఆ రోజు యాభై ఏళ్లు దాటి ఉంటాయేమో. ఇప్పుడు నేను ఆయన వయసును ఎప్పుడో దాటిపోయి, నిండు ముసలిదాన్నయ్యాక, కన్నబిడ్డ ఎదుట తలపాగా తీసి తప్పు మాదేనని చెప్పడం ఎంత కష్టమో తెలిసివస్తోంది. అట్లా అడగగలిగిన మనిషినీ, అట్లా జవాబు చెప్పిన మనిషినీ ఒకే వసారాలో చూశాను. ఆ తర్వాత మళ్లీ ఎక్కడా చూడలేదు.