అక్క కడగని భర్మార్

మా పెద్దనాయన ఇంట్లో గోడకు ఒక భర్మార్ వేలాడుతుండేది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన కొబ్బరిపీచు పెట్టి కడ్డీతో కూరి, వెనక సన్నటి చిల్లున్న చిన్న ఇనుప మొనకు రాగి టోపీ తొడిగి పేల్చే పాతకాలపు తుపాకీ. మక్కచేనులో అడవిపందులను బెదిరించడానికని లైసెన్సు ఉండేది గానీ, నేనెరిగిన కాలంలో అది ఏటా ఒక్కసారే పేలేది. దసరా నాడు పూజ చేసి, జమ్మికి బయలుదేరే ముందు పెద్దనాయన దాన్ని ఆకాశంలోకి పేల్చేవాడు. ఆ చప్పుడు విన్నాకే వాడకట్టంతా కదిలేది.

డెబ్బైలలో ఒక దసరాకు అది పేలలేదు. సుత్తి పడింది, టోపీ చిటుక్కుమంది, అంతే.

పెద్దనాయనకు ఒక్కతే బిడ్డ, మా అక్క. ఆ వానాకాలంలోనే భర్త పోయి, తొర్రూరు దగ్గరి అత్తగారి ఊరి నుంచి పుట్టింటికి వచ్చింది. ఆ పొద్దున ఆమె అరుగు మీద నిలబడి ఉంది. ఆమె ఎదురైనందుకే పేలలేదని ముందు ఒకరన్నారు, తర్వాత అందరూ అన్నారు. అప్పటినుంచి ప్రతి దసరాకు అక్క వెనక అర్రలో కూర్చునేది. భర్మార్‌ను మళ్లీ ఎవరూ ముట్టలేదు. అట్లా ఏడేళ్లు.

నేను వరంగల్‌లో కాలేజీలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు సభల్లో మూఢనమ్మకాల మీద నిప్పులు కురిపించేవాణ్ణి. మైకు ముందు స్వాములచేత నీళ్లు నమిలించినవాణ్ణి, మా ఇంట్లో ఒక అర్ర తలుపు తెరిపించలేకపోయాను. వాదించి వాదించి నోరు ఎండిపోయాక, ఒక ఎండాకాలం సెలవుల్లో, తుపాకీని బాగు చేయిస్తానన్నాను. అది ఎందుకు పలకలేదో ఇనుమే చెబుతుందనుకున్నాను.

"తీస్కపో. పానం ఉండంగ దాని సప్పుడు ఒక్కపారి ఇనాలె" అన్నాడు పెద్దనాయన.

లైసెన్సు కాయితం, పెద్దనాయన రాయించిన ఉత్తరం జేబులో పెట్టుకుని, భర్మార్‌ను గోనెసంచిలో చుట్టి, వర్ధన్నపేటలో బస్సెక్కాను. సీటు దొరకలేదు. దాన్ని నిలబెట్టి, మూతి మీద చెయ్యి ఆనించి, వరంగల్ దాకా నిద్రపోతూ వచ్చాను.

స్టేషనుకు అవతల తాళాలు, కుట్టుమిషన్లు బాగుచేసే ముసలి మిస్త్రీ ఉండేవాడు. తుపాకుల పనికీ ఆయనకు లైసెన్సుండేది. తుపాకీ చేతికివ్వగానే తుప్పును గానీ పగిలిన కట్టెను గానీ చూడలేదు. కడ్డీని గొట్టంలోకి దించి, మూతి దగ్గర వేలితో గుర్తుపట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించాడు. కడ్డీ కొస టోపీ మొన దాకా రావాలి. నాలుగు వేళ్లు తక్కువ వచ్చింది.

"సారూ, దీన్ని ఎట్ల తెచ్చిండ్రు?"

"బస్సుల."

"యా అల్లా! మందు లోపల్నే ఉన్నది. గింత సద్వుకున్నోళ్లు, జర సూస్కోవద్దా?"

ప్రతిదానికీ రుజువు అడిగే నేను ఈ ఒక్కటీ అడగలేదు. దోషం తగిలిన తుపాకీ అని మావాళ్లు భయపడి ముట్టలేదు. దోషం లేదని రుజువు చేసే తొందరలో నేనూ లోపలేముందో చూడలేదు.

మిస్త్రీ గొట్టం నిండా నీళ్లు పోసి మూలన పెట్టాడు. మరుసటి ఆదివారం కొక్కెం కడ్డీతో పీచును, నల్లటి మందు బురదను లాగేశాడు. మొన ఊడిరాక, నాలుగు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాడు. చివరికి ఊడదీసి అరచేతిలో తట్టితే, పెసరగింజంత గట్టి పెళ్ల రాలింది. గోటితో గీకి వాసన చూశాడు.

"పసుపు. మీ ఇంట్ల బందూకుకు బొట్టు పెడ్తరా సారూ?"

"దసరాకు పెడతం."

"నొసలనుకొని ముక్కుల పెట్టిండ్రు" అని పడీపడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. చిన్నప్పటినుంచీ దసరా మర్నాడు ఆ తుపాకీని కడిగేది మా అక్కే. వేడినీళ్లు పోసి, కోడి ఈకతో మొన చిల్లు పొడిచి, నూనె పట్టించేది. పెళ్లయినాక కూడా పండుగకు వచ్చి ఆ పని చేసి పోయేది. అది పేలకపోయిన దసరాకు ముందటి దసరాకు, భర్త దవాఖానలో ఉండి, ఆమె రాలేదు. మరెవరికీ ఆ పని తోచలేదు. పసుపు ఏడాదంతా ఆ చిల్లులో గడ్డకట్టి, టోపీ నిప్పును మందు దాకా పోనివ్వలేదు. ఆమె ఎదురుగా నిలబడినందుకు కాదు, అంతకు ముందటేడు లేనందుకు మూగబోయింది.

పెళ్లను అగ్గిపెట్టెలో పెట్టుకుని ఊరికి వెళ్లి, పెద్దనాయనకు అంతా విడమరిచి చెప్పాను. ఆయన అగ్గిపెట్టెను వెలుతురుకు పట్టి చూశాడు.

"దోసం గిట్ల గడ్డకట్టిందన్నట్టు" అన్నాడు.

నాకు కోపం కూడా రాలేదు, అంత అలసిపోయాను. వెనక అర్రలో అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఈ దసరాకు అందరి ముందూ నువ్వే మందు కూరు, నువ్వే పేల్చు అన్నాను.

"పేలకపోతే?"

"పేలుతది అక్కా. మిస్త్రీ రెండుసార్లు పేల్చి సూసిండు."

"పేలితే బందూకు మంచిగైంది అంటరు. పేలకపోతే నన్నంటరు. పందెం నీది, పెట్టేది నన్ను. పో తమ్మీ, చాయ తాగి పండుకో."



ఆ దసరాకు కొత్త కట్టె, నల్లగా నిగనిగలాడే గొట్టంతో భర్మార్ అరుగు మీదికి వచ్చింది. పేలింది. పొగలో దగ్గుతూ, ఎవరివైపూ చూడకుండా, పెద్దనాయన కేకేశాడు: "బిడ్డా, నీళ్లు కాగవెట్టు. దీన్ని గిప్పుడే కడగాలె."

అక్క వెనక అర్రలోంచి గిన్నె పట్టుకుని అందరి మధ్యలోంచి వచ్చి కూర్చుంది. "ఇప్పుడన్నా ఒప్పుకో పెద్దనాయనా, ఏడేండ్లు..." అనబోయాను. అక్క తలెత్తకుండానే "ఊకో తమ్మీ" అంది. గొట్టంలోంచి నల్లనీళ్లు కారి ఆమె కాళ్ల కిందికి పోతున్నాయి.

మరుసటేడు ఆమె ఉదయం నుంచే అరుగు మీద ఉంది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ తప్పు ఒప్పుకోలేదు. పెద్దనాయన పసుపు వేలు మొన వైపు పోతుంటే అక్క ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆడ వద్దు నాయినా. కట్టె మీద పెట్టు."

ఆయన వేలు జరిపి కట్టె మీద పెట్టాడు. బొట్టే వద్దని నేను అనవలసింది. అనలేదు. అరుగు మీద అక్క పక్కన చోటుంటే కూర్చున్నాను.