నీళ్ళు తాగుతున్నవాడి ముఖం

మా మేనమామ పోయినవారం పోయాడు. ఫోను వచ్చేసరికి నేను రాళ్ళ షెడ్డులో ఎవరిదో సమాధి పలకమీద పేరు చెక్కుతున్నాను. ఉలి కింద పెట్టి ఏడ్చాను. ఏడుపు ఆగింది గానీ, దాని వెనకే వచ్చిన కోపం ఇంకా ఆగలేదు.

ఐరాల నుంచి మా ఊరికి వచ్చే దారిలో, బస్సు ఆగేచోట ఒక నల్లరాతి పలక ఉంది. యుద్ధంలో దెబ్బతిన్న జవాను ఒకడు, తొడకు కట్టుతో నేలమీద పడి ఉండి, తన నీళ్ళ సీసాను పక్కన పడున్న ఇంకొకడి నోటికి అందిస్తుంటాడు. ఆ ఇచ్చేవాడికి మా ఊరి మాజీ సర్పంచి ముఖం ఉంటుంది. చెక్కించి పెట్టింది ఆయనే. తొడలో తూటా దిగింది మాత్రం మా మామకు. నీళ్ళిచ్చింది మామ, తాగి బతికింది సర్పంచి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే పటాలం.

ఇది నేను కల్పించి రాస్తున్నది కాదు. పదవి రాకముందు ఆయన మామ ఇంటి అరుగుమీద కూర్చుని, "నీ నీళ్ళతోనే బతికినాను అన్నా" అని కళ్ళు తుడుచుకోవడం నా కళ్ళతో చూశాను. పదవి వచ్చాక కథ తిరగబడింది, రాయి లేచింది. ప్రతి ఆగస్టు పదిహేనుకూ బడిపిల్లలు దానికి పూలు వేస్తారు.

మామ ఆ రాయి నీడలోనే కుంటికాలు చాపుకుని బస్సుకోసం కూర్చునేవాడు. భుజాన ఎప్పుడూ నీళ్ళ సీసా ఉండేది. పక్కన ఎవరు కూర్చున్నా ముందు వాళ్ళకిచ్చి, మిగిలితే తాను తాగేవాడు. నిజం అందరికీ చెప్పెయ్యమని ఒకసారి నేను ఆయనతో పోట్లాటకే దిగాను.

"దప్పికైనోడికి నీళ్ళిచ్చినాను. దానికి రాయెందుకు అబ్బోడా?" అన్నాడు.

అంత మంచితనం నాకు రాలేదు. రావాలని కూడా లేదు.

శవం దగ్గరికి సర్పంచి పెద్ద దండ పట్టుకుని వచ్చాడు. అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చున్న మా అత్త లేచి అడ్డం నిలబడింది.

"ఆయప్ప బతికుండంగా ఒక్కతూరి నిజం చెప్పలేకపోతివి. ఈ దండ తీసకపోయి నీ రాయికే ఏసుకో," అంది. గొంతు పెంచలేదు గానీ అందరూ విన్నారు. ఆయన దండతోనే వెనక్కి తిరిగాడు. నాకది చాలలేదు.

మామ చేను రాయి ఉన్న ఆ రోడ్డుకు ఆనుకునే ఉంది. సమాధీ అక్కడే. అత్తను అడిగి, పెద్దకర్మకు, దివసాల నాటికి నిలబెట్టాలని పలక నేనే చెక్కుతున్నాను. అదే బొమ్మ. మామ ముఖం దగ్గర రెండుసార్లు ఉలి కింద పెట్టేశాను. తాగేవాడి ముఖం దగ్గర పెట్టలేదు. మీసం, గడ్డంమీది పుట్టుమచ్చ, ఎండిపోయిన పెదవులు, ఏదీ వదల్లేదు. మామ ఉంటే వద్దనేవాడు. నన్ను క్షమించమని మనసులో అడుగుతూనే చెక్కుతున్నాను.

సర్పంచి రోజూ పొద్దున ఆ రోడ్డుమీదే నడకకు పోతాడు. పలకను రోడ్డు వైపుకే తిప్పి నిలబెడతాను. మామ మోచేతిమీద లేచి సీసా వంచుతుంటాడు. సర్పంచి నోరు తెరుచుకుని తాగుతూ ఉంటాడు, ఊరంతా చూస్తుండగా.